ఆ ఒక్క లైను తీసేస్తే ఏమవుతుంది?

మందు స్ట్రిప్ వెనక ఎక్స్‌పైరీ 11/2025 అని ఉంటే, ఆ మందును నవంబర్ 30 దాకా అమ్మొచ్చు, వాడొచ్చు. నెల, సంవత్సరం మాత్రమే ముద్రిస్తే ఆ నెల ఆఖరి రోజు దాకా అని మన ఔషధ నిబంధనల లెక్క. మెడికల్ షాపులో కొత్తగా చేరిన కుర్రాడికి మొదటి వారంలోనే ఇది చెప్తారు. కోడ్ రాసే ఏఐ ఏజెంటుకి మాత్రం మేం చెప్పలేదు.

మాదాపూర్‌లో మాది చిన్న టీమ్. మెడికల్ షాపులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. కొన్నాళ్లుగా కోడ్‌లో చాలా భాగం ఏజెంట్లతోనే రాయిస్తున్నాం. పోయిన నవంబర్ మొదట్లో ఒక శుక్రవారం, స్టాక్ రిపోర్టు మార్చే పని ఏజెంటుకి అప్పగించాం. అది 11/2025ని నవంబర్ 1గా తీసుకుంది. ఇంకా మూడు వారాలు అమ్ముకోదగ్గ సరుకంతా ‘కాలం చెల్లినవి’ జాబితాలోకి వెళ్లిపోయింది. టెస్టులన్నీ, అంటే కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములన్నీ, పాసయ్యాయి, ఎందుకంటే ఆ టెస్టులు రాసిందీ అదే. సోమవారం పొద్దున్నే కోఠి నుంచి ఒక షాపాయన ఫోన్ చేశాడు. “ఏందన్నా, మంచి మందులన్నీ పక్కకు పెట్టమంటుంది మీ సాఫ్ట్‌వేరు?”

ఏజెంటు కోసం మేం రాసిపెట్టిన సూచనల ఫైలు తెరిచాం. మూడొందల పైచిలుకు లైన్లు. కోడ్ శుభ్రంగా ఉండాలని ఉంది, పేర్లు అర్థవంతంగా ఉండాలని ఉంది, ఫంక్షన్లు చిన్నవిగా ఉండాలని ఉంది. ఎక్స్‌పైరీ గురించి ఒక్క ముక్క లేదు. అంత పెద్ద ఫైలు రాసి, బాగుందని అందరం ఒప్పుకున్నాం. ఎలా ఒప్పుకున్నాం? ఒక సూచనల ఫైలు బాగుందో లేదో అసలు ఎలా తేల్చాలి? అప్పటి నుంచి నా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇదే. ఇప్పుడు ఇలాంటి ఫైలు లేని ప్రాజెక్టు మా చుట్టుపక్కల ఆఫీసుల్లో కనిపించడం లేదు కాబట్టి, నాకు అర్థమైనంత వరకు విడమరిచి రాస్తున్నాను.

ముందుగా ఈ ఫైలు ఏమిటో రెండు మాటలు. కోడింగ్ ఏజెంటుకి నిన్నటి సంగతి ఇవాళ గుర్తుండదు. ప్రతి సెషన్ దానికి ఉద్యోగంలో మొదటి రోజే. అందుకే ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక టెక్స్ట్ ఫైలు పెడతాం. పని మొదలుపెట్టగానే ఏజెంటు దాన్ని చదువుకుంటుంది. క్లాడ్ కోడ్ అయితే క్లాడ్ డాట్ ఎండీ, జెమినీ అయితే జెమినీ డాట్ ఎండీ, కోపైలట్‌కి వేరు, కర్సర్‌కి వేరు. ఈ గజిబిజి తగ్గడానికి 2025లో ఏజెంట్స్ డాట్ ఎండీ అనే ఉమ్మడి పేరు వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో లైనక్స్ ఫౌండేషన్ కింద ఏర్పడిన ఏజెంటిక్ ఏఐ ఫౌండేషన్ చేతికి దాన్ని అప్పగించారు. పేరేదైనా పని ఒకటే.

చాలామంది పొరబడేది ఇక్కడే. ఈ ఫైలు సెట్టింగ్స్ లాంటిది కాదు. సెట్టింగ్‌లో ‘వద్దు’ అని పెడితే ప్రోగ్రామ్ ఆ పని చేయదు. ఇందులో ‘వద్దు’ అని రాస్తే మోడల్, అంటే ఏజెంటు వెనకున్న ఏఐ, ఆ మాట చదువుతుంది, మిగతా వేల మాటలతో పాటు దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది, ఎక్కువసార్లు పాటిస్తుంది. పాటించి తీరాలన్న కట్టడి మాత్రం లేదు. కాబట్టి ఈ ఫైలు నాణ్యత కాగితం మీద కనిపించేది కాదు, ఏజెంటు ప్రవర్తనలో కనిపించేది.

చదివి మార్కులు వేయడం

మేం మొదట చేసిన తప్పు, ఫైలును చదివి మెచ్చుకోవడం. శీర్షికలు పద్ధతిగా ఉన్నాయి, భాష బాగుంది, అన్ని విషయాలూ వచ్చినట్టున్నాయి. ఇంకో మోడల్‌కి ఇచ్చి పదికి మార్కులు వేయమన్నాం. తొమ్మిది వేసింది. అది కోఠి షాపాయన ఫోన్ చేయడానికి సరిగ్గా వారం ముందు.

మోడల్‌తో మార్కులు వేయించడం పనికిమాలిన పద్ధతి అని నేననను. ఒకదానికొకటి అడ్డొచ్చే సూచనలు, అర్థం కాని వాక్యాలు అది బాగానే పట్టుకుంటుంది. కానీ మోడళ్లు న్యాయనిర్ణేతలుగా కూర్చున్నప్పుడు పొడుగాటి జవాబుల వైపు మొగ్గు చూపుతాయని 2023లోనే పరిశోధకులు చూపించారు. పైగా ఫైలులో ఉన్నదాన్ని బట్టే అది మార్కులు వేయగలదు. లేని ఎక్స్‌పైరీ లైను లేదని దానికెలా తెలుస్తుంది? ఉన్న లైను నిజమో కాదో మాత్రం ఎలా తెలుస్తుంది?

నిజమో కాదో అన్న మాట ఊరికే అనలేదు. ఆ సోమవారమే ఇంకోటి బయటపడింది. టెస్టు బిల్లుల్లో మందులకు జీఎస్టీ 12 శాతం వేయాలని మా ఫైలులో ఒక లైనుంది. రాసినప్పుడు అది సరైనదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎక్కువ మందులు 5 శాతంలోకి వచ్చాయి. అసలు సాఫ్ట్‌వేర్‌లో రేట్ల పట్టికను ఆ రాత్రే మార్చాం, షాపుల బిల్లులు సరిగ్గానే వెళ్లాయి. సూచనల ఫైలు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఏజెంటు ఏడు వారాలుగా పాత రేటుతో టెస్టులు రాస్తూ, అవి ఫెయిలైతే సరిగ్గా ఉన్న కోడ్‌నే మార్చబోతూ ఉంది. రివ్యూలో ప్రతిసారీ ఎవరో ఒకరు ఆపుతున్నారు, ఎందుకలా చేస్తోందో ఎవరూ అడగలేదు.

సూచన లేకపోతే ఏజెంటు కోడ్‌లో వెతుక్కుంటుంది. తప్పు సూచన ఉంటే వెతకడం మానేస్తుంది. కాబట్టి మొదటి పరీక్ష ఇదే: ఫైలులో ఉన్న ప్రతి కమాండ్ నడుస్తోందా, చెప్పిన ప్రతి ఫోల్డర్ అక్కడ ఉందా? దీనికి మనిషి అక్కర్లేదు, చిన్న స్క్రిప్టు చాలు. మేం దాన్ని బిల్డ్‌లోనే, అంటే కోడ్‌ను సాఫ్ట్‌వేర్‌గా తయారు చేసే మెట్టులోనే, కలిపేశాం, ఫోల్డర్ పేరు మారితే బిల్డ్ ఆగిపోతుంది. ఇక రేట్లు, తేదీలు, వెర్షన్ నంబర్లు లాంటి మారిపోయేవాటిని ఫైలులో రాయడమే మానేశాం. రేటు రాయడానికి బదులు, రేట్ల పట్టిక ఎక్కడుందో రాస్తున్నాం.

పిల్లర్ నంబర్ చెప్పినట్టు చెప్పాలి

మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్ల పైనే ఉంటుంది. దాని కింద ఇల్లో, షాపో ఉన్నవాళ్లు అడ్రస్ ఎలా చెప్తారో మనందరికీ తెలుసు. “పిల్లర్ నంబర్ వంద దగ్గర దిగు.” అంతే. ఆటో అన్నకీ, కొరియర్ అబ్బాయికీ, ఊరి నుంచి మొదటిసారి వచ్చిన మేనమామకీ అదొక్కటే చాలు. అదే “కొంచెం ముందుకొచ్చి ఎడమ పక్కకి తిరుగు” అంటే, ఫోన్ మీద ఫోన్.

మా ఫైలులో “బిల్లు మొత్తాన్ని రౌండ్ ఫిగర్ చేయాలి” అని ఉండేది. మాకందరికీ అర్థం తెలుసు. ఏజెంటు ఒకసారి పై రూపాయికి, ఒకసారి కింది రూపాయికి, ఒకసారైతే ఏకంగా పది రూపాయలకి సర్దింది. దాని తప్పేమీ లేదు, ఆ వాక్యంలో అన్నిటికీ చోటుంది. ఇప్పుడు ఆ లైను ఇలా ఉంది: “డబ్బును పైసల్లో పూర్ణాంకంగా లెక్కించు. చివరి మొత్తంలో 50 పైసలు, ఆపైన ఉంటే పై రూపాయికి, తక్కువైతే కింది రూపాయికి. 247 రూపాయల 50 పైసలు 248 అవుతుంది.” ఉదాహరణ ఉంది కాబట్టి టెస్టు రాయొచ్చు. ఏజెంటు దీన్ని పాటించిందా లేదా అని ఇద్దరు మనుషులు వాదించుకోవాల్సిన పని లేదు.

ఒక సూచన చదవగానే, ‘ఇది పాటించారో లేదో ఎలా చూస్తాను?’ అని అడగండి. జవాబు దొరకకపోతే ఆ సూచనను కొలవలేం. “కోడ్ శుభ్రంగా రాయి” అన్నదాన్ని ఎవరూ కొలవలేరు. అది లేకపోయినా ఈ మోడళ్లు ఓ మాదిరి శుభ్రంగానే రాస్తాయి.

దీంతో రెండో సంగతి వస్తుంది. ఏజెంటు తనంతట తాను తెలుసుకోగలిగేది ఫైలులో ఎందుకు? ఏ భాషలో రాశామో, ఏ లైబ్రరీలు వాడామో కోడ్ చూస్తే తెలిసిపోతుంది. ఎక్స్‌పైరీ నెలాఖరు దాకా అన్నది కోడ్‌లో ఎక్కడా కనిపించదు, అది మెడికల్ షాపు మనిషి బుర్రలో ఉంది. ఫైలులో చోటు దక్కాల్సింది అలాంటివాటికే.

చోటు అంటున్నానంటే, దానికీ ఒక ఖరీదుంది. ఒకేసారి ఎన్ని సూచనలు పాటించగలవో చూడటానికి 2025లో జరిగిన ఒక పరిశోధనలో, సూచనల సంఖ్యను 500 దాకా పెంచుకుంటూ పోతే అన్నిటికన్నా మెరుగైన మోడల్ కూడా 68 శాతమే పాటించింది. ముందు వచ్చిన సూచనల వైపు మొగ్గు కూడా కనిపించింది. పొడుగాటి సందర్భంలో, అంటే మోడల్ ముందు ఒకేసారి ఉన్న మొత్తం టెక్స్టులో, మధ్యలో ఉన్న విషయాన్ని మోడళ్లు సరిగ్గా వాడుకోలేకపోవడం 2023 నుంచీ తెలిసిందే. మోడళ్లు మెరుగవుతున్నాయి నిజమే, కానీ అక్కర్లేని లైను ప్రతిదీ అక్కరకొచ్చే లైను వంతులోంచి కొంత తినేస్తుందని గుర్తుంచుకుని రాస్తే మంచిది.

ఉంచి చూడు, తీసి చూడు

ఇప్పుడు అసలు కొలత. ఇక్కడే కాస్త ఓపిక కావాలి.

మేం చేసింది ఇది. కోడ్‌లో ప్రతి మార్పునూ దాచిపెట్టే గిట్ అనే సాధనం చరిత్రలోంచి పాత పనులు పన్నెండు ఏరుకున్నాం. అన్నీ ఇదివరకు మనుషులే పూర్తి చేసినవి, సరైన జవాబు ఏమిటో మాకు తెలిసినవి. ఒక్కో పనికి, అది మొదలవ్వక ముందున్న స్థితికి ప్రాజెక్టును వెనక్కి తీసుకెళ్లాం. అప్పటి సమస్యను ఏజెంటుకిచ్చి చేయమన్నాం. అది ముగించాక, దానికి చూపించకుండా దాచిన మా టెస్టులు నడిపాం. ఏజెంట్ల సత్తా కొలిచే ఎస్‌డబ్ల్యూఈ బెంచ్ అనే ప్రసిద్ధ పరీక్షలోనూ ఇదే పద్ధతి. 12 పైథాన్ ప్రాజెక్టుల్లో నిజంగా వచ్చిన 2,294 సమస్యలతో 2023లో దాన్ని తయారు చేశారు. అక్కడ మోడల్‌కి పరీక్ష, ఇక్కడ మన ఫైలుకి పరీక్ష. మోడల్ అదే, పని అదే, ఫైలు ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. తేడా ఎంతో అదే ఆ ఫైలు విలువ.

ఒక జాగ్రత్త. వెనక్కి తీసుకెళ్లిన ప్రాజెక్టులో గిట్ చరిత్ర అలాగే వదిలేస్తే, ఏజెంటు తర్వాతి కమిట్లలోకి, అంటే ఆ పని పూర్తయినప్పుడు గిట్‌లో దాచిన మార్పుల్లోకి, వెళ్లి జవాబు చూసేస్తుంది. మోసం చేయాలని కాదు, సమాచారం వెతకమంటే అది అన్నిచోట్లా వెతుకుతుంది. పేపర్ లీకైన పరీక్షకు ర్యాంకులు ఇచ్చినట్టవుతుంది. చరిత్ర కత్తిరించి ఇవ్వాలి.

ఇంకో జాగ్రత్త, ఇది మరీ ముఖ్యం. ఒక్కసారి నడిపి నమ్మకూడదు. అదే పని, అదే ఫైలు ఇచ్చినా ఏజెంటు ఇవాళ ఒకలా, రేపు ఇంకోలా చేస్తుంది. పదిలో ఎనిమిదిసార్లు పాటించే సూచన ఉందనుకోండి. వినడానికి బాగానే ఉంది. వరుసగా ఐదు పనుల్లోనూ దాన్ని పాటించే అవకాశం లెక్క వేస్తే మూడో వంతు కూడా రాదు. ఒక్కో సూచనను నూటికి 95 సార్లు పాటించినా, పది సూచనలున్న పనిలో పదీ పాటించే అవకాశం 60 శాతం దగ్గర ఆగుతుంది. అందుకే ప్రతి పనినీ ఫైలుతో ఐదుసార్లు, ఫైలు లేకుండా ఐదుసార్లు నడిపాం. పన్నెండు పనులకు మొత్తం 120 పరుగులు. ఒక రాత్రంతా నడిచింది.

పొద్దున వచ్చి చూస్తే, మా మూడొందల లైన్ల ఫైలు ఉన్నా లేకపోయినా గెలిచిన పనులు దాదాపు సమానం. ఉన్నప్పుడు ఖర్చు మాత్రం ఎక్కువ. నాకు నిజంగా బాధేసింది. నెలల తరబడి తలా కొంచెం చేర్చిన ఫైలది.

తర్వాత లైన్ల వంతు. మూడొందల లైన్లను ఒక్కొక్కటిగా తీసి చూడటం అయ్యే పని కాదు. సగం తీసేసి నడిపాం. తేడా రాకపోతే ఆ సగం అక్కర్లేదు. తేడా వస్తే ఆ సగంలో మళ్లీ సగం. బగ్ ఏ కమిట్‌లో దూరిందో వెతికే పద్ధతే ఇది. ఎక్స్‌పైరీ లైను కొత్తగా రాశాం కదా, దాన్ని విడిగా చూశాం. లేకుండా ఐదుసార్లలో నాలుగుసార్లు నెల మొదటి తేదీనే తీసుకుంది. పెట్టాక ఐదుకి ఐదూ సరిగ్గా చేసింది. ఒక్క లైను.

దానికి నేరుగా వ్యతిరేకంగా పనిచేసిన లైను కూడా ఒకటి దొరికింది. “ఏ చిన్న మార్పు చేసినా మొత్తం టెస్టులు నడపాలి.” చదివితే ఎంత మంచి సూచన! ఏజెంటు తూచా తప్పకుండా పాటించింది కూడా. మా టెస్టులన్నీ నడవడానికి పదకొండు నిమిషాలు. ఒక స్పెల్లింగ్ సరిదిద్దినా పదకొండు నిమిషాలు, వాటి లాగ్స్ వేల లైన్లు. ఆ చెత్తంతా దాని సందర్భంలో పేరుకుపోయి, పని మధ్యలోకి వచ్చేసరికి అసలు అడిగిందేమిటో పలచబడిపోయేది. పాటించారా అన్న కొలత మీద ఈ లైనుకి నూటికి నూరు. మేలు చేసిందా అన్న కొలత మీద సున్నా కన్నా తక్కువ. ఈ రెండు కొలతలనూ ఒకటిగా చూసే రిపోర్టులు చాలా చదివాను, అవి చదివేవాళ్లని తప్పుదారి పట్టిస్తాయి. ఇప్పుడా లైను “మార్చిన మాడ్యూల్ టెస్టులు మాత్రం నడుపు, మొత్తం టెస్టులు ఆఖర్న ఒకసారి” అని ఉంది.

ఫైలులో ఉండకూడనివి కొన్ని ఉంటాయి. “ప్రొడక్షన్ డేటాబేస్ ముట్టుకోవద్దు” అని పెద్ద అక్షరాలతో రాసుకుని నిద్రపోయే టీములున్నాయి. కోడ్ ఫ్రీజ్‌లో ఉన్నాం, ఏదీ మార్చొద్దు అని చెప్పినా వినకుండా ఒక ఏజెంటు లైవ్ డేటాబేస్‌ను తుడిచేసిన సంగతి 2025 జూలైలో వార్తల్లోకొచ్చింది. ముట్టుకోకూడదంటే దానికి పాస్‌వర్డ్ ఇవ్వకూడదు. తప్పనిసరిగా జరగాల్సినవి తమంతట తామే నడిచే హుక్స్ అనే స్క్రిప్టుల్లోనో, అనుమతుల్లోనో, బిల్డ్‌లోనో ఉండాలి. ఫైలు బాగుందా అని చూసేటప్పుడు, ఇందులో ఏ లైను ఒక్కసారి తప్పినా కొంప మునుగుతుంది అని కూడా చూడండి. అలాంటి లైను కనిపిస్తే దాన్ని అక్కడి నుంచి తాళం వేయగలిగే చోటికి మార్చండి.

ఇక తెలుగులో పనిచేసేవాళ్లకు ప్రత్యేకంగా తగిలే సమస్య ఒకటుంది. దీని గురించి రాసినవాళ్లు కనిపించలేదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. సూచనల ఫైళ్లలో కంటికి కనిపించని యూనికోడ్ గుర్తులు (కంప్యూటర్ అక్షరాలకు వాడే కోడ్‌ల పట్టికలోవి) దాచి, ఏజెంటుతో హానికరమైన కోడ్ రాయించవచ్చని 2025 మార్చిలో భద్రతా పరిశోధకులు చూపించారు. రివ్యూ చేసే మనిషికి లైను మామూలుగానే కనిపిస్తుంది, మోడల్‌కి మాత్రం ఇంకేదో వినిపిస్తుంది. అది చదివి మేం వెంటనే ప్రాజెక్టు ఫైళ్లన్నిటి మీదా ఒక తనిఖీ పెట్టాం. కనిపించని గుర్తు ఏది ఉన్నా బిల్డ్ ఆగిపోవాలి, ఒక స్క్రిప్టు దాన్ని తీసేయాలి.

మర్నాడు యాప్‌లో తెలుగు పాడైంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట చూడండి. ‘ట్’ పొల్లు తర్వాత ‘వే’ విడిగా నిలబడింది కదా. అక్కడ మధ్యలో కనిపించని గుర్తు ఒకటుంది, యూ ప్లస్ 200సీ. అది తీసేస్తే ‘వ’ కూడా ఒత్తుగా మారి ముందున్న అక్షరాలకు అతుక్కుని ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. తెలుగు టైపు చేసేవాళ్లంతా రోజూ వాడే గుర్తది, బిల్లుల మీద మందుల పేర్లలో అడుగడుగునా వస్తుంది. ఏ దేశంలోనో రాసిన భద్రతా సలహాకు అది దొంగలా కనిపించింది. మా స్క్రిప్టు దాన్ని ఏరి పారేసింది. ఇప్పుడు నియమం మార్చాం. తెలుగు పొల్లుకి వెంటనే తర్వాత, ఇంకో తెలుగు అక్షరానికి ముందు వస్తే యూ ప్లస్ 200సీ ఉండొచ్చు, ఇంకెక్కడ కనిపించినా బిల్డ్ ఆగాలి. సూచనల ఫైలులో తెలుగు ఉదాహరణలు ఉన్నవాళ్లు ఈ మినహాయింపు ముందే పెట్టుకోండి. ఆ ఫైలులో వచ్చే ప్రతి మార్పునూ కోడ్‌తో సమానంగా ఇద్దరు చూడాలన్న నియమం కూడా అప్పుడే పెట్టుకున్నాం.

ఇప్పుడు మా ఫైలు నలభై లైన్ల చిల్లర. షాపు మనిషికి తెలిసి కోడ్‌కి తెలియనివన్నీ మొదట్లో ఉన్నాయి. వాటిలో సగం మాకు ఫోన్ చేసి తిట్టిన షాపువాళ్లు నేర్పినవే. కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా ఆ పన్నెండు పనులూ మళ్లీ నడుపుతాం. నిన్నటిదాకా అవసరమైన లైను ఇవాళ అక్కర్లేకపోవచ్చు. పోయిన నెల అలాగే మూడు లైన్లు తీసేశాం, ఏమీ తేడా రాలేదు. ఎక్స్‌పైరీ లైను కూడా తీసి చూశాం. కొత్త మోడల్ ఐదుసార్లలో మూడుసార్లు నెలాఖరు తీసుకుంది, రెండుసార్లు మొదటి తేదీ.

ఆ లైను మళ్లీ పెట్టేశాం.